జలుబు బిళ్ళకూ పథ్యం ఉన్నది

జలుబుకు మందు వేసుకుంటే వారం రోజులు, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దలు నవ్వుతూ అంటూంటారు. ఆ మాటలో హాస్యం ఎంత ఉన్నదో నిజమూ అంతే ఉన్నది. మామూలు జలుబును కలిగించే సూక్ష్మజీవులను చంపే బిళ్ళ ఇంతవరకు బజారులోకి రాలేదు. దుకాణంలో మనం కొనే బిళ్ళ తలనొప్పిని తగ్గిస్తుంది, ముక్కు కారడాన్ని కాస్త ఆపుతుంది, రెండు పూటలు తెరిపిగా ఉండనిస్తుంది, అంతే. జలుబు తన గడువు తీరిన తరువాత తానే పోతుంది.

అయినా చలిగాలి మొదలయ్యేసరికి ప్రతి ఇంటా ఈ బిళ్ళలు చేరుతూనే ఉంటాయి. జలుబు చిన్న జబ్బు గదా అని దానికోసం డాక్టరు దగ్గరకు పోయేవారు తక్కువ. పిల్లవాడి చేతిలో డబ్బులు పెట్టి, "నాయనమ్మకు రొంప పట్టింది, ఏదైనా బిళ్ళ పట్టుకురా" అని వీధి చివరి దుకాణానికి పంపుతారు. జబ్బు చిన్నదే. అయితే ఆ బిళ్ళ మాత్రం మనం అనుకొన్నంత చిన్నది కాదు. అందుకనే ఈ మాసం మా శీర్షికను దానికే కేటాయించాము.

పూర్వం వైద్యులు పొట్లం కట్టి చేతికివ్వగానే ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్న, "పథ్యం ఏమిటండీ?" అని. రెండవ ప్రశ్న, "అనుపానం ఏమిటి, తేనెతోనా, పాలతోనా?" అని. ఏ మందూ ఒంటరిగా పనిచేయదు, కడుపులోకి పోయే మిగతా వాటితో కలిసి మంచిగానో చెడ్డగానో పనిచేస్తుంది అన్న ఎరుక ఆ ప్రశ్నల్లో ఉన్నది. ఇంగ్లీషు బిళ్ళలు వచ్చాక ఆ ప్రశ్న అడగడం మానుకొన్నాము. నిజం చెప్పాలంటే ఇప్పుడే దాని అవసరం ఎక్కువ. అప్పటి పథ్యం వంకాయ, గుమ్మడికాయ. ఇప్పటి పథ్యం, మనిషి రోజూ వేసుకొంటున్న మిగతా బిళ్ళలు.

ఒక బిళ్ళలో నలుగురు

జలుబు బిళ్ళ అని మనం పిలిచేది ఒక మందు కాదు. అట్ట వెనుక ఉన్న సన్న అక్షరాలు చదివితే సాధారణంగా మూడు నాలుగు పేర్లు కనబడతాయి. జ్వరానికీ నొప్పులకూ పారాసిటమాల్. ముక్కు దిబ్బడ విడవడానికి ఫెనిలెఫ్రిన్. తుమ్ములూ నీరు కారడమూ తగ్గడానికి క్లోర్‌ఫెనిరమిన్ లేక ఆ కోవకు చెందిన మరొకటి. కొన్నింటిలో మత్తును విరవడానికి కాఫీలో ఉండే కెఫీన్. దగ్గు సిరప్పు కూడా తెస్తే డెక్స్ట్రోమెథార్ఫాన్ అనే ఐదవ మందు వచ్చి చేరుతుంది. వీరిలో ఎవరి పని వారిదే, ఎవరి పథ్యం వారిదే. కాబట్టి ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా చూద్దాము.

ముందుగా పారాసిటమాల్. ఇది మంచి మందు. హద్దులో ఉన్నంతకాలం దీనంత సాధువు మరొకటి లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4,000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఆ హద్దు. బక్కపలుచని వృద్ధులకూ, కాలేయం చెడినవారికీ, నిత్యం మద్యం పుచ్చుకొనేవారికీ డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇది ఎన్నో పేర్లతో ఇంట్లో ఉంటుంది. క్రోసిన్, కాల్పాల్, డోలో అని పేర్లు మూడు. లోపలి మందు ఒకటే.

ఒక లెక్క వేద్దాము. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్న జలుబు బిళ్ళ మూడు పూటలా వేసుకొంటే 1,500. జ్వరం కూడా ఉన్నదని 650 బిళ్ళ మూడు పూటలా వేస్తే మరి 1,950. మోకాళ్ళ నొప్పులకని రోజూ రెండు వేసుకొనే బిళ్ళలో అసిక్లోఫినాక్‌తో పాటు 325 చొప్పున పారాసిటమాల్ ఉంటుంది. అది మరి 650. మొత్తం 4,100! ఆ మనిషి ఏ బిళ్ళనూ అతిగా వేసుకోలేదు. అయినా హద్దు దాటింది. దీనివల్ల కాలేయానికి కలిగే హాని మొదటి రోజున పెద్దగా బయటపడదు. కాస్త వికారం, వాంతి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రెండు మూడు రోజులకు కడుపులో కుడివైపు నొప్పి, కళ్ళు పచ్చబడటం కనబడేసరికి జాగు అయిపోతుంది. దీనికి విరుగుడు మందు ఉన్నది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. కాబట్టి మోతాదు మించిందని తెలిసిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆస్పత్రికి పోవాలి.

ముక్కు విడిచే మందు, రక్తపుపోటు

ఫెనిలెఫ్రిన్ పని రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేయడం. ముక్కులో ఉబ్బిన నాళాలు ముడుచుకొంటే గాలి ఆడుతుందని దాన్ని కలుపుతారు. కాని మింగిన మందుకు ముక్కు ఒక్కటే తెలియదు గదా! ఒళ్ళంతా ఉన్న నాళాలను కూడా అది ముడవబోతుంది. రక్తపుపోటు ఉన్నవారు పొద్దున్నే వేసుకొనే బిళ్ళ ఒకవైపు లాగుతుంటే ఇది రెండవవైపు లాగుతుంది. పోటు అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోరాదు. ఇదే పని చేసే సూడోఎఫెడ్రిన్‌కు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. మొండి క్షయకు ఈనాడు వాడే మందుల్లో లినెజోలిడ్ అనేది ఒకటి. మనోవ్యాధులకు వాడే పాత మందులు కొన్ని ఉన్నాయి. వీటితో ముక్కు విడిచే మందు కలిస్తే పోటు ఉన్నట్లుండి ప్రమాదకరంగా పెరగవచ్చు. క్షయకు మందు తింటున్నవారు ఏ జలుబు బిళ్ళనైనా తమ కేంద్రంలో చూపించిన తరువాతనే వేసుకోవాలి.

ఇంత ముప్పుకు ఓర్చి వేసుకొంటే దక్కే ఫలమైనా గొప్పదా అంటే అదీ లేదు. మింగిన ఫెనిలెఫ్రిన్‌లో చాలాభాగం పేగుల్లోనే విరిగిపోతుంది, ముక్కుదాకా చేరేది స్వల్పం. అమెరికా ఔషధ సంస్థ నియమించిన నిపుణుల సంఘం 2023 సెప్టెంబరులో, నోటితో పుచ్చుకొనే ఫెనిలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని తేల్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ, చీటీ లేకుండా అమ్మే మందుల జాబితానుంచి దాన్ని తీసివేయాలని ప్రతిపాదించింది. అంటే పోటున్న మనిషి దీన్ని మింగితే నష్టభయం నిజం, లాభం అనుమానం.

నిద్ర తెచ్చే మందు

క్లోర్‌ఫెనిరమిన్ వేసుకొంటే కళ్ళు మూతలు పడటం అందరికీ అనుభవమే. "పోనీ, నిద్రైనా పడుతుంది" అని సంతోషిస్తాము. కాని రాత్రిపూట ఆల్ప్రాజోలం వంటి నిద్రబిళ్ళ వేసుకొనే అలవాటున్నవారికి రెండు మత్తులూ కలుస్తాయి. మూర్ఛకు, నరాల నొప్పులకు వాడే మందుల్లో కూడా కొన్ని మత్తునిస్తాయి. మద్యం సంగతి చెప్పనే అక్కరలేదు. వయసు మళ్ళినవారు అర్ధరాత్రి దొడ్డికి లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగగొట్టుకోవడం మనం ఎరిగినదే. జలుబు వారంలో పోయేది. విరిగిన తుంటి మనిషిని మంచానికి కట్టేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మగ్గం, మిల్లు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, ఆటో లారీ నడిపేవారు దీన్ని వేసుకొని పనికి పోరాదు.

దీనికి మరొక రెండు గుణాలున్నాయి. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన మగవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు. ముక్కు విడిచే మందు కూడా దీనికి తోడు పడుతుంది. నీటికాసులు, అంటే గ్లాకోమా, అందులోనూ కంటి కోణం ఇరుకుగా ఉన్నవారికి కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చు. ఈ సంగతులు చెప్పుకోవడానికి పెద్దలు మొహమాటపడతారు. మనవడిచేత దుకాణంలో చెప్పించడం అసలే జరగదు. అందుకే ఇది ఇంట్లోవారు గుర్తుంచుకోవలసిన విషయం.

నొప్పి బిళ్ళలు, దగ్గు మందులు

పారాసిటమాల్‌కు బదులు ఒక్కొక్కసారి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి దుకాణదారు ఇస్తాడు. గుండెకవాటం మార్చుకొన్నవారు అసినోకౌమరాల్ గాని వార్ఫరిన్ గాని వాడుతుంటారు. గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు క్లోపిడోగ్రెల్, చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతుంటారు. ఇవన్నీ రక్తం గడ్డకట్టకుండా చూసేవి. వీటిమీద నొప్పిబిళ్ళ పడితే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. మలం తారు వలె నల్లగా పోతే అది దాని గుర్తు, ఆలస్యం చేయకూడదు. కవాటం మందు వాడేవారికి వరుసగా కొన్నిరోజులు వేసే పారాసిటమాల్ కూడా రక్తాన్ని మరింత పలుచన చేయగలదు. వారు రక్తపరీక్ష చేసే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

ఐబుప్రొఫెన్ జాతి మందులు పోటుబిళ్ళల పనిని కూడా మందగింపజేస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి పోటుమందు ఒకటి, నీరు తీసే మందు ఒకటి వాడుతున్న మనిషికి ఈ మూడవది కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జ్వరంతో నీళ్ళు తాగక, వాంతులతో ఒళ్ళు ఎండిపోయిన రోజుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. కొందరు ఉబ్బసం రోగులకు ఆస్పిరిన్ వల్లనే ఆయాసం వస్తుంది.

దగ్గు సిరప్పులో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్, దిగులుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులతో కలిసినప్పుడు చేతులు వణకడం, చెమటలు, జ్వరం, కలవరపాటు కలగవచ్చు. ఇది తరచు జరిగేది కాదు గాని జరిగితే తేలిక వ్యవహారం కాదు. దిగులుకు మందు వాడుతున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు మనలో ఇంకా ఉన్నారు. ఆ సిగ్గు దుకాణం ముందు పనికిరాదు.

దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చే "సెట్టు"లో యాంటీబయాటిక్ కూడా ఒకటి ఉండవచ్చు. జలుబుకు అది పనిచేయదు. అట్టమీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ మీదనే తీసుకోవలసిన మందు. పైగా ఉబ్బసానికి డెరిఫిల్లిన్ వాడే మనిషికి సిప్రోఫ్లాక్సాసిన్ కలిస్తే, డెరిఫిల్లిన్‌లోని థియోఫిలిన్ రక్తంలో పేరుకొని గుండెదడ, వాంతులు, మూర్ఛలదాకా పోవచ్చు.

తుమ్ముల మందు నేర్పిన పాఠం

ఇదంతా భయపెట్టడానికి చెబుతున్నారని ఎవరైనా అనుకొంటారేమో. ఒక జరిగిన సంగతి చెబుతాము. 1985లో అమెరికాలో టెర్ఫినాడిన్ అనే తుమ్ముల మందు వచ్చింది. మత్తు లేని మందు అని లక్షలమంది వాడారు. 1990లో ఒక వైద్యపత్రికలో 39 ఏళ్ళ స్త్రీ ఉదంతం ప్రకటించారు. ఆమె ఈ మందుతో పాటు బూజు తెగులుకు వాడే కీటోకొనజోల్ వేసుకొన్నది. స్పృహ తప్పుతూ ఆస్పత్రికి వచ్చింది. చూస్తే గుండె లయ తప్పింది.

కారణం ఏమిటంటే, టెర్ఫినాడిన్‌ను మన కాలేయం వెంటనే వేరే పదార్థంగా మారుస్తుంది. తుమ్ములను ఆపేది ఆ మారిన పదార్థమే. కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ వంటివి కాలేయం చేసే ఆ పనిని అడ్డుకొంటాయి. అప్పుడు మారని మందు రక్తంలో పేరుకొని గుండెకు తగులుతుంది. 1992లో గట్టి హెచ్చరిక వేశారు. 1998కల్లా అక్కడి బజారునుంచి ఆ మందు వెళ్ళిపోయింది. మారిన పదార్థాన్నే విడిగా తయారుచేసి ఫెక్సోఫెనాడిన్ పేరుతో అమ్ముతున్నారు. దానికి ఆ ప్రమాదం లేదు. కాని దానికీ పథ్యం ఉన్నది: బత్తాయి జాతి పండ్లరసంతో గాని ఆపిల్ రసంతో గాని మింగితే సరిగా ఒంటబట్టదు. మంచినీళ్ళతోనే వేసుకోవాలి. అనుపానం ఏమిటని అడిగిన మన అవ్వలు అమాయకులు కారు!

కషాయం మాట

మిరియాలు, శొంఠి, తులసి కాచి తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. వంటింటి మోతాదులో తప్పులేదు. కాని దగ్గుకు నమలే అతిమధురం సంగతి తెలుసుకోవాలి. దాన్ని రోజుల తరబడి ఎక్కువగా వాడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి పోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నీరు తీసే బిళ్ళ గాని, గుండెకు డిగాక్సిన్ గాని వాడేవారికి అది అపాయం. చెట్టుమందు గనుక చెరుపు చేయదనుకోవడం పొరపాటు.

పిల్లల విషయంలో మాట ఇంకా కచ్చితం. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని అట్టమీద వేయవలసిందని మన దేశపు ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. రెండేళ్ళలోపు వారికి దగ్గు జలుబు మందులు ఇవ్వనే వద్దని, ఐదేళ్ళలోపు వారికి సాధారణంగా తగవని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో సూచించింది. పెద్దల సిరప్పు సగం చెంచా పోయడం ఎంతమాత్రం తగదు.

మన ఇళ్ళలో ఉన్న చిక్కు

బెంగుళూరులో, చెన్నపట్నంలో, షోలాపూరులో, బరంపురంలో మూడు నాలుగు తరాలుగా ఉన్న మన కుటుంబాలకు ఈ విషయంలో అదనపు చిక్కు ఒకటి ఉన్నది. ఇంట్లో అవ్వ పడిశం అంటుంది, రొంప అంటుంది. దుకాణంలో మనవడు నెగడి అనో, జలదోషం అనో, సర్దీ అనో అడుగుతాడు. అట్టమీద ఉన్నది ఇంగ్లీషు. డాక్టరు అడిగిన ప్రశ్న ఒక భాషలో, అవ్వ చెప్పిన జవాబు మరొక భాషలో, మధ్యలో చెప్పేది పదేళ్ళ పిల్లవాడు. జలుబు అన్న మాట ఎలాగో దాటుతుంది. "పొద్దున్నే చిన్న తెల్లబిళ్ళ ఒకటి, రాత్రి పసుపుపచ్చది సగం" అన్న మాట దాటదు. యానాంలో దుకాణంవాడు తెలుగువాడే అయినా, తెల్లబిళ్ళ ఏదో అతనికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

దీనికి మేము సూచించేది ఖర్చులేని ఉపాయం. ఇంట్లో మందు వాడే ప్రతి మనిషికీ ఒక చీటీ వ్రాసి పెట్టండి. పేరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు. దాని కింద రోజూ వేసుకొనే ప్రతి బిళ్ళ పేరూ, కంపెనీ పెట్టిన పేరు కాక అట్టమీద ఉన్న అసలు మందు పేరూ, ఎంత మోతాదు, ఏ పూట. కషాయాలు, చూర్ణాలు, నిద్రబిళ్ళలు కూడా అందులో చేర్చండి. పెద్దలకోసం తెలుగులోను, దుకాణంకోసం ఇంగ్లీషులోను వ్రాయండి. మందు మారినప్పుడల్లా చీటీ మార్చండి. బిళ్ళకోసం ఎవరు పోయినా, పిల్లవాడు పోయినా సరే, ఆ చీటీ చేతికిచ్చి పంపండి. దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ మందులు వాడే మనిషికి ఇది పడుతుందా?" జవాబు తెలియక తటపటాయిస్తే ఆ బిళ్ళ కొనకండి, డాక్టరును అడగండి.

ఒక్కమాట మరువకూడదు. జలుబు బిళ్ళ పడదన్నారని పోటుమందునో, గుండెమందునో, దిగులుమందునో మానకూడదు. మానవలసింది జలుబు బిళ్ళనే.

మరి జలుబుకు ఏం చేయాలి? విశ్రాంతి, గోరువెచ్చని నీళ్ళు, చారన్నం. గొంతుకు ఉప్పునీటి పుక్కిలింత. ముక్కుకు ఉత్త ఉప్పునీటి చుక్కలు. వీటికి ఏ మందుతోనూ వైరం లేదు. ఏడాది నిండిన పిల్లలకు దగ్గుకు చెంచాడు తేనె. ఏడాదిలోపు వారికి తేనె కూడదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఉన్న బిళ్ళ, లెక్క చూసుకొని. ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబాటు, మగత, మూడురోజులు దాటిన జ్వరం ఉంటే అది జలుబు అనుకొని కూర్చోకూడదు. అత్యవసరమైతే 108కి ఫోను చేయాలి. మందువల్ల చెడు కలిగిందని తోస్తే 1800-180-3024 అనే ప్రభుత్వపు ఉచిత నంబరుకు తెలియజేయవచ్చు. అది మరొకరికి మేలు చేస్తుంది.

మన సమాజాల్లో చదువుకొనే యువతీయువకులు ఎందరో ఉన్నారు. ఈ నెల సమావేశానికి వచ్చే పెద్దలను తమ బిళ్ళల అట్టలు సంచిలో వేసుకొని రమ్మనండి. ఒక మూల బల్ల వేసుకొని కూర్చుని, ఒక్కొక్కరికి చీటీ వ్రాసిపెట్టండి. అందులో ఒకే మందు రెండు పేర్లతో కనబడితే గీత గీసి, డాక్టరుకు చూపించమని చెప్పండి. మనిషికి పది నిముషాల పని.